రెండడుగుల ట్యాంకు, దాంట్లో నాచు: సంక్రాంతి నుంచి శ్రావణం దాకా ప్రాజెక్టు డైరీ

జనవరి, పండగ సెలవులయ్యాక

మొక్కల అక్వేరియం ఇది. ట్యాంకు కొలతలు 60 × 30 × 36 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం 65 లీటర్లు పట్టాలి. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా అసలు నీళ్లు 50 లీటర్లకు అటూఇటూ. ఇకమీదట ఎరువు వేసినా, మందు వేసినా లెక్క ఈ యాభైకే కట్టాలి, అరవై ఐదుకి కాదు. గాజు, ఇసుక, నీళ్లు కలిపితే బరువు తొంభై కిలోల దగ్గరికి వస్తుంది కాబట్టి టీవీ స్టాండు ఆలోచన మానేసి, ఇనప స్టాండు చేయించి పైన గ్రానైట్ పలక వేశాను. పలకకీ గాజుకీ మధ్య థర్మోకోల్ షీటు పరిచాను. అడుగున చిన్న రాయి నలుసు ఉన్నా బరువంతా అక్కడే పడి గాజు పగలొచ్చు, థర్మోకోల్ ఉంటే అది సర్దుకుంటుంది.

ఈసారి పెట్టుకున్న నియమం: మొక్కలకిచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండరు, నాచుని చంపే యూవీ లైటు, నీళ్లు చల్లబరిచే చిల్లరు కొనకూడదు. ఒక ఎల్ఈడీ లైటు, ఒక టైమరు, ఒక స్పాంజ్ ఫిల్టరు. ఇంతమాత్రం సామానుతో హైదరాబాద్ నీళ్లలో, హైదరాబాద్ ఎండలో మొక్కలు ఏపుగా పెరగాలి, నాచు చెప్పుచేతల్లో ఉండాలి. నాచు అసలే లేని ట్యాంకు ఫొటోల్లో ఉంటుంది. నాకు కావలసింది ఏ నాచు ఎందుకు వచ్చిందో చెప్పగలిగే ట్యాంకు.

రాళ్ల ఎంపికకి ఒక పూట పట్టింది. ఇంటి దగ్గర కట్టుబడి పనుల్లో మిగిలిన ముక్కలు బోలెడు దొరికాయి. గ్రానైట్ ముక్క మీద బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే ఏమీ కాలేదు. తాండూరు బండ మీద వేస్తే బుసబుస పొంగింది. కడప బండా అంతే. రెండూ సున్నపురాళ్లే. ట్యాంకులో పెడితే కొద్దికొద్దిగా కరిగి నీళ్ల కాఠిన్యం పెంచుతూ ఉంటాయి. మన బోరు నీళ్లకి ఆ సాయం అక్కర్లేదు. గ్రానైటే ఖాయం చేశాను.

అడుగున రెండు సెంటీమీటర్ల ఎర్రమట్టి, దాని మీద నాలుగు సెంటీమీటర్ల దొడ్డు ఇసుక. మట్టిని జల్లించి, బకెట్లో నానబెట్టి, పైకి తేలిన చెత్తని వంపేశాను. పేడ ఎరువు, వర్మికంపోస్టు కలపలేదు. చాలామంది కలుపుతారు, మొక్కలు బాగానే వస్తాయి, కానీ మొదటి రెండు నెలలు అందులోంచి అమ్మోనియా ఊరుతూనే ఉంటుంది. లేత మొక్కలు దాన్ని వాడుకునేలోపే నాచు వాడుకుంటుంది. ఎర్రమట్టిలో ఇనుము ఉంది. మిగతావి తరువాత కొలిచి వేయొచ్చు.

జనవరి చివర

నీళ్ల సంగతి. మా అపార్ట్‌మెంట్ సంపులో మున్సిపల్ నీళ్లూ బోరు నీళ్లూ కలుస్తాయి. కుళాయి వచ్చిన రోజు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు 300 చూపిస్తుంది, రాని రోజు 720. ఎక్కువ ఉండటం కన్నా ఇలా పైకీ కిందికీ ఊగడమే అసలు తలనొప్పి. అందుకని వంటింటి ఆర్‌ఓ నీళ్లు (టీడీఎస్ 40), బోరు నీళ్లు సగం సగం కలిపి ఒక డ్రమ్ములో నిలవ ఉంచుతున్నాను. మీటరు 380 చూపిస్తోంది. ఇక ఏ వారం మార్చినా అదే నీళ్లు. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోస్తే కాల్షియం, మెగ్నీషియం లేక కొత్త ఆకులు ముడుచుకుపోతాయి, నత్తల గుల్లలు అరిగిపోతాయి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లతో ఇల్లు తుడుస్తున్నారు కాబట్టి ఇంట్లో ఇంకా ఎవరూ నోరెత్తలేదు.

మొక్కలు: వెనక హైగ్రోఫిలా, రోటాలా, వాలిస్నేరియా. మధ్యలో క్రిప్టోకోరిన్ వెండ్టీ, నీటిబ్రాహ్మి. రాళ్లకి దారంతో కట్టినవి అనుబియాస్, జావా ఫెర్న్. ఈ రెండింటి దుంపని ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది, అందుకే కట్టడం. పైన తేలడానికి గుప్పెడు సాల్వినియా. హైగ్రోఫిలా, నీటిబ్రాహ్మి మన కాలవ గట్ల మీద పెరిగేవే, ధర కూడా తక్కువ. వాటినే దట్టంగా నాటాను. మొదటి రోజే ఇసుక సగానికి పైగా కనపడకుండా ఉండాలన్నది నా పట్టుదల. నాలుగు మొక్కలు పెట్టి అవి పెరిగి నిండుతాయని చూస్తూ కూర్చుంటే, ఆ ఖాళీలో పెరిగేది నాచే.

నాటేముందు అన్నింటినీ లేత గులాబీ రంగు వచ్చేలా పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగాను. అయినా ఏదో ఒక ఆకు వెనక నత్త గుడ్లు వస్తాయి. వచ్చాయి కూడా.

ఫిబ్రవరి

చేపలు లేవు. చిటికెడు చేపల మేత వేసి కుళ్లనిస్తున్నాను. దాంతో అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. చేపలకి మొదటి రెండూ విషం, మూడోది కొంతవరకు పర్వాలేదు, మొక్కలకైతే తిండి.

టెస్ట్ కిట్ల గురించి ఒక మాట. పెంపుడు చేపల షాపుల్లో వీటి ధర చూస్తే ట్యాంకు కొన్నంత బాధ. మా మావయ్యకి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. అటువైపు చెరువుల రైతుల కోసం అమ్మోనియా, పీహెచ్, ఆల్కలినిటీ కిట్లు ఊరూరా అమ్ముతారు. అవే తెప్పించుకున్నాను. చెరువుకి పనికొచ్చేది గాజు పెట్టెకి పనికిరాకుండా పోదు.

గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు దుమ్ములాంటి పాచి వచ్చింది. డయాటమ్‌లు, అంటే కంటికి ఆనని ఒక రకం ఒంటి కణం నాచు. కొత్త ట్యాంకుల్లో ఇది మామూలే. నీళ్లలోని సిలికాతో గుల్ల కట్టుకుని బతుకుతాయి, కొన్నాళ్లకి వాటంతట అవే తగ్గుతాయి. వేలితో రాస్తే పోతుంది. దీనికి మందులు కొనేవాళ్లని చూస్తే నాకు జాలి.

క్రిప్టోకోరిన్ ఆకులన్నీ కరిగిపోయి జిగురయ్యాయి. చోటు మారిస్తే అది అలాగే అలుగుతుంది, వేరు బతికే ఉంటుంది. కుళ్లిన ఆకులు తీసేసి వేరు జోలికి పోకుండా వదిలేశాను. నర్సరీల్లో చాలా మొక్కల్ని నీటి బయట, తేమలో పెంచుతారు. ఆ గాలి ఆకులు నీళ్లలో ఎక్కువ కాలం నిలవవు. కొత్తగా నీటి ఆకులు వచ్చేదాకా పాత ఆకుల్ని రోజూ ఏరిపారేయడమే పని. ఆకు కుళ్లితే అదీ అమ్మోనియానే.

మార్చి మొదట్లో, శివరాత్రి దాటాక

నీళ్లు పచ్చబడ్డాయి. మొదట వెలుతురు తేడా అనుకున్నాను. రెండు మూడు రోజుల్లో వెనక గోడకి ఆనించిన జావా ఫెర్న్ కనపడటం మానేసింది. ట్యాంకు లోతు ముందు నుంచి వెనక్కి 30 సెంటీమీటర్లే. అంటే చూపు అడుగు దూరం కూడా పోవడం లేదు.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేకపోయింది. మా హాలు బాల్కనీ పడమటి వైపు. జనవరిలో సూర్యుడు పక్క అపార్ట్‌మెంట్ వెనక్కి దిగేవాడు, హాల్లోకి ఎండ వచ్చేది కాదు. ఉత్తరాయణం కదా, రోజురోజుకీ ఉత్తరానికి జరుగుతూ ఇప్పుడు రెండు భవనాల మధ్య సందులోంచి నేరుగా ట్యాంకు మీద పడుతున్నాడు. సాయంత్రం గంటకి పైగా ఎండ. ఎల్ఈడీ లైటు ఏపాటిది దాని ముందు. అటు కుళ్లుతున్న పాత ఆకుల నుంచి అమ్మోనియా, ఇటు ఎండ. నీళ్లలో తేలే ఒంటి కణం నాచుకి ఇంతకన్నా ఏం కావాలి?

ఫొటో మావయ్యకి పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఒరేయ్ అల్లుడూ, ఆ రంగు కోసం మేం పేడ వేసి, సూపర్ ఫాస్ఫేట్ చల్లి, ఎండ కాయాలని మొక్కుకుంటాం. నీకు ఊరికే వస్తే ఏడుస్తావేంట్రా!"

"మావయ్యా, మీకది మేత. నాకు చేపలు కనపడొద్దూ?"

"చేపలే లేవన్నావుగా?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు.

కానీ ఆయన చెప్పిన మిగతా విషయాలు నాకు ఏ వీడియోలోనూ దొరకనివి. చెరువులో ఈ పచ్చదనం ఎంత ఉందో చూడటానికి సెక్కీ డిస్క్ దింపుతారు. తెలుపు, నలుపు రంగులేసిన గుండ్రటి పలక అది. ముప్పై నలభై సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే రంగు సరిగ్గా ఉన్నట్టు. డిస్క్ లేనివాళ్లు చెయ్యి మోచేతి దాకా ముంచి అరచెయ్యి కనపడుతోందా లేదా చూస్తారు. బొచ్చె, శీలావతి పెంచే చెరువుల్లో నీళ్లలో తేలే ఈ సూక్ష్మజీవులే (ప్లాంక్టన్) సగం మేత. అయితే మరీ చిక్కబడితే వాళ్లకీ టెన్షనే. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఈ నాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే ఆ వేళకి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. ఇంకా ప్రమాదం ఏమిటంటే రంగు ఒక్కసారిగా పడిపోవడం. మబ్బు పట్టో, మందు ఎక్కువయ్యో నాచంతా ఒకేసారి చస్తే, అది కుళ్లేటప్పుడు ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

"నువ్వు చంపాలనుకుంటే చంపు. చంపాక ఆ శవాలేం చేస్తావో ముందు ఆలోచించుకో" అన్నాడు.

నీళ్లు మార్చడం దీనికి మందు కాదు. సగం నీళ్లు తీస్తే సగం నాచు పోతుంది, మిగిలిన సగం ఒకటి రెండు రోజుల్లో మళ్లీ రెట్టింపవుతుంది. పైగా కొత్త నీళ్లలో కొత్త లవణాలు. యూవీ కొననని ముందే అనుకున్నాను. మిగిలిన దారి చీకటి. లైటు ఆపి, ట్యాంకు చుట్టూ నల్లటి దుప్పటి చుట్టి, మూడు నాలుగు రోజులు తొంగి చూడకుండా ఉండటం. మొక్కల్లో, వేళ్లలో నిలవ ఉన్న పిండిపదార్థం వాటిని ఆ కొద్ది రోజులు బతికిస్తుంది. ఒంటి కణానికి అంత నిలవ ఉండదు.

మావయ్య మాట మీద ఎయిర్ పంపు రాత్రీపగలూ ఆగకుండా తిప్పాను. దుప్పటి తీశాక నీళ్లు పాలిపోయిన బూడిదరంగులో ఉన్నాయి. ఆ రోజే సగం నీళ్లు మార్చి, స్పాంజిని తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండి కడిగాను (కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బాక్టీరియా చస్తుంది). మరుసటి రోజు ఇంకో పావు వంతు మార్చాను. రోటాలా కింది ఆకులు రాలాయి, మిగతావాటికి ఏమీ కాలేదు. బాల్కనీ తలుపుకి మందపాటి కర్టెన్ వేశాను. మళ్లీ పచ్చబడలేదు. నా ఉద్దేశంలో పని చేసింది సగం దుప్పటి, సగం కర్టెన్. కర్టెన్ లేకుండా దుప్పటి ఒక్కటే అయితే నెలకోసారి చుట్టుకుంటూ ఉండాల్సిందే.

మార్చి చివర

అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. జీబ్రా డానియోల చిన్న గుంపు వచ్చింది. చెన్నై కొళత్తూరు నుంచి వచ్చిన సరుకని షాపతను చెప్పాడు. దక్షిణాదిలో రంగు చేపల పెంపకానికి పేరున్న చోటు అది. డానియోలు మన దేశపు చేపలే. గంగానది చేపల మీద పని చేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వీటిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉన్నాయి. నాచు తింటాయని తేలేదు, గట్టివని తెచ్చాను. నాచు తినడానికి నెరైట్ నత్తలు వచ్చాయి. గాజు శుభ్రంగా గీకుతాయి, కానీ రాళ్ల మీద తెల్లటి చుక్కల్లా గుడ్లు అంటించేస్తాయి. మంచినీళ్లలో అవి పొదగవు, అంత తేలిగ్గా ఊడవు కూడా.

అనుబియాస్ ముదురాకుల మీద గట్టి పచ్చ చుక్కలు మొదలయ్యాయి. గోరుతో గీకినా రావు. నెమ్మదిగా పెరిగే ఆకు, పైన ఎక్కువ లైటు, నీళ్లలో ఫాస్ఫేట్ తక్కువ: ఈ మూడూ కలిసినచోట ఇది వస్తుంది. ఫాస్ఫేట్ అంటే నాచుకి మేత అని చాలామంది భయపడతారు. మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకులో నా అనుభవం వేరు. పోషకం ఏదో ఒకటి కరువైతే మొక్క ఆగిపోతుంది, ఆగిపోయిన మొక్క మీదే నాచు పడుతుంది.

ఎరువుల కోసం అక్వేరియం సీసాలు కొనలేదు. డ్రిప్ పెట్టుకునే రైతులకి అమ్మే నీళ్లలో కరిగే ఎరువులు చాలు. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఎరువుల షాపులో కిలో ప్యాకెట్లు దొరికాయి. "ఎన్నెకరాలు సార్?" అని అడిగారు.

నా లెక్క: అర లీటరు ఆర్‌ఓ నీళ్లలో 40 గ్రాముల 13-0-45. అందులోంచి 10 మిల్లీలీటర్లు పోస్తే 50 లీటర్ల ట్యాంకులో నైట్రేట్ లీటరుకి దాదాపు 10 మిల్లీగ్రాములు పెరుగుతుంది. వేరే సీసాలో అర లీటరుకి 4 గ్రాముల 0-52-34. దాని 10 మిల్లీలీటర్లకి ఫాస్ఫేట్ లీటరుకి ఒక మిల్లీగ్రాము పైచిలుకు. వారానికోసారి నీళ్లు మార్చాక రెండూ అయిదేసి మిల్లీలీటర్లు. మూడో సీసాలో చీలేటెడ్ (నీళ్లలో కరిగే ఉండేలా చేసిన) సూక్ష్మపోషకాల మిశ్రమం, ఇనుముతో సహా. దాన్ని ఫాస్ఫేట్‌తో ఒకే సీసాలో కలపకూడదు, ఇనుము అడుగున పేరుకుంటుంది. నైట్రోజన్ కోసం యూరియా వేయొద్దు. చెరువు రైతు వేస్తాడు, నిజమే, కానీ అది అమ్మోనియాగా మారుతుంది. ఆయనకి కావలసింది ఆ పచ్చరంగే.

ఏప్రిల్

కార్బన్ డయాక్సైడ్ ప్రయోగం. గాలితో సరితూగిన నీళ్లలో ఇది లీటరుకి ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. 30 దాకా తెస్తే మొక్కలు పరుగు పెడతాయి. సిలిండరు వద్దనుకున్నాం కాబట్టి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో పంచదార, గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఈస్ట్. మూతకి గొట్టం, మధ్యలో నీళ్లు వెనక్కి పోకుండా చెక్ వాల్వ్. హాల్లో కల్లు దుకాణం వాసన అని ఇంట్లో ఫిర్యాదు. తప్పేమీ లేదు, లోపల జరుగుతున్నది అదే పని.

ట్యాంకులో డ్రాప్ చెకర్ వేలాడదీశాను. అందులోని ద్రవం నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చ అయితే సరి, పసుపైతే చేపలకి ముప్పు. అది చూపించేది కూడా గంట రెండు గంటల కిందటి సంగతి.

మొదటి వారం రోటాలా రోజూ కొలిచి చూసుకునేంత పెరిగింది. తరువాత సీసా గుణం బయటపడింది. మధ్యాహ్నం ఎండకి హాలు వేడెక్కితే ఈస్ట్ రెచ్చిపోయి బుడగలు గబగబా, పొద్దున చల్లబడితే మందకొడిగా. రెండో వారానికి పంచదార అయిపోతూ అసలే నీరసం. డ్రాప్ చెకర్ ఒకరోజు ఆకుపచ్చ, ఇంకోరోజు నీలం. ఏప్రిల్ మూడో వారంలో ఫిల్టర్ గొట్టం మీద, అనుబియాస్ ఆకు అంచుల మీద నల్లటి కుచ్చులు. వారం రోజులు గడ్డం గీయని చెంపలా ఉంది ఆకు అంచు.

దీన్ని బ్లాక్ బియర్డ్ అంటారు. పేరుకి నలుపు గానీ జాతికి ఎర్ర నాచు. ఒక కుచ్చు కోసి స్పిరిట్‌లో వేశాను. పచ్చ వర్ణకం స్పిరిట్‌లో కరిగిపోయి కుచ్చు ఎర్రగా తేలింది. పచ్చ నాచులు అలా ఎర్రబడవు. గుర్తుపట్టడానికి ఇంతకన్నా చౌక పరీక్ష లేదు.

గ్యాస్ తక్కువైతే ఇది వస్తుందని అంటారు. నేను చూసినంతవరకు తక్కువ కన్నా ఒడుదొడుకే దీనికి ఇష్టం. జనవరి నుంచి మార్చి దాకా ఈ ట్యాంకుకి వేరే గ్యాస్ అసలు లేదు, ఒక్క కుచ్చు కూడా లేదు. మొక్క ఒక మోతాదుకి అలవాటుపడటానికి కొన్ని రోజులు తీసుకుంటుంది. ఆ మోతాదు రోజూ మారుతుంటే అది ఎటూ తేల్చుకోలేదు. నిమ్మఉప్పు, వంటసోడాతో గ్యాస్ తయారుచేసే సీసాల జత ఇంకాస్త నిలకడగా పని చేస్తుందని తెలుసు, అందులో వాల్వ్ కట్టేసే వీలు కూడా ఉంది. కానీ మే నెల వస్తోంది, నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ ఎలాగూ తక్కువ. ఈస్ట్ సీసా తీసేశాను. దాని బదులు ఇంకొకటి పెట్టడం లేదు.

మే

నీళ్ల ఉష్ణోగ్రత 32 డిగ్రీలు. 25 డిగ్రీల నీళ్లు లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా ఆక్సిజన్ పట్టుకుంటాయి. 32కి వచ్చేసరికి అది ఏడు చిల్లరకి పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేపల ఊపిరి పెరుగుతుంది. పగలు ఫర్వాలేదు, రాత్రి మొక్కలు కూడా పీలుస్తాయి. మావయ్య ఏరేటర్ల లెక్కే ఇక్కడా: లైటు ఆరిపోగానే ఎయిర్ పంపు మొదలయ్యేలా ఇంకో టైమరు పెట్టాను.

చల్లబరచడానికి చిన్న క్లిప్ ఫ్యాను నీళ్ల ఉపరితలం మీదకి తిప్పాను. లీటరు నీరు ఆవిరవ్వాలంటే దాదాపు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. 50 లీటర్లని పదకొండు డిగ్రీలు చల్లార్చేంత వేడి అది. గది ఎప్పటికప్పుడు వేడి తిరిగి ఇస్తుంది కాబట్టి మనకి మిగిలేది రెండు మూడు డిగ్రీలే. నీళ్లు 29 దగ్గర నిలబడ్డాయి. హైదరాబాద్ పొడి ఎండ కాబట్టి ఇది కుదిరింది. మావయ్య వాళ్ల వైపు మే నెల ఉక్కలో అయితే ఫ్యాను తిరుగుతుందిగానీ నీరు ఆవిరి కాదు.

రోజూ తగ్గిన నీటి బదులు డ్రమ్ము నీళ్లు పోయకూడదు, ఒట్టి ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులు ట్యాంకులోనే ఉంటాయి. వేసవంతా బోరు నీళ్లు కలుపుతూ పోతే జూన్‌కి మీటరు ఎక్కడ ఆగుతుందో ఊహించుకోండి.

నల్ల కుచ్చుల పని కూడా ఈ నెలే. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ మామూలుగా 6 శాతం ఉంటుంది, సీసా మీద 20 వాల్యూమ్ అని రాసి ఉంటుంది. సమానంగా నీళ్లు కలిపి 3 శాతం చేశాను. ఫిల్టరు, ఎయిర్ పంపు ఆపి, సూది తీసేసిన సిరంజితో కుచ్చుల మీద నెమ్మదిగా వదలడం. వెంటనే సన్నటి బుడగలు పుడతాయి. పది నిమిషాలు ఆగి ఫిల్టరు ఆన్. ఒక్కసారికి మొత్తం ట్యాంకుకి 12 మిల్లీలీటర్లు దాటనివ్వలేదు. రెండు మూడు రోజులకి కుచ్చులు గులాబీ రంగుకి, తరువాత తెలుపుకి తిరిగాయి. ఆ స్థితిలో నత్తలు కూడా తింటాయి. వాలిస్నేరియా, జావా మాస్ దీనికి తట్టుకోవు, వాటికి దూరంగా వాడాలి. రొయ్యలు ఉంటే ఇంకా జాగ్రత్త. పూర్తిగా పట్టేసిన ముదురాకుల మీద మందు వృథా, కత్తిరించి పారేశాను.

గ్లూటరాల్డిహైడ్ వాడమని సలహాలు వచ్చాయి. ఆసుపత్రుల్లో పరికరాలు శుద్ధి చేసే రసాయనం అది. ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు. హాల్లో, పిల్లలు తిరిగేచోట, ఒక ఆకు అందం కోసం ఆ సీసా తెరవను.

జూన్

లైటు రోజుకి ఆరు గంటలు, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా. ఇంట్లో వాళ్లు చూసే వేళలు అవే. లైటుని నీళ్ల నుంచి ఇంకో పదిహేను సెంటీమీటర్లు పైకి ఎత్తాను. ముళ్లు తిరిగే రకం టైమరు కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. రెండు గాలివానలయ్యాక లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతోంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొన్నాక ఆ బాధ పోయింది.

సాల్వినియా ఉపరితలంలో మూడో వంతు దాటితే తీసేస్తున్నాను. అది నైట్రేట్ గుంజుకుంటుంది, నీడ ఇస్తుంది, కార్బన్ డయాక్సైడ్ గాల్లోంచే తెచ్చుకుంటుంది కాబట్టి కింది మొక్కల వాటాకి రాదు. తీసిందంతా కుండీల్లో మొక్కల మొదట్లో వేస్తున్నాను. మురుగు కాలవలో మాత్రం పారేయకండి. చెరువుల మీద గుర్రపుడెక్క ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

గ్యాస్ లేకపోవడంతో రోటాలా ఎర్రదనం తగ్గింది, పెరుగుదల నెమ్మదించింది. క్రిప్టోకోరిన్ మాత్రం ఫిబ్రవరిలో కరిగిన వేర్ల నుంచే గుబురు కట్టింది. ఈ ట్యాంకు స్వభావం ఇప్పుడు అర్థమవుతోంది: వెలుగు ఎంత ఇస్తే మొక్కకి అంత గ్యాస్, అంత ఎరువు కావాలి. గ్యాస్ పెంచే ఉద్దేశం లేనప్పుడు వెలుగే తగ్గాలి.

జూలై, ఆషాఢం

వానలు మొదలయ్యాక కుళాయి నీళ్లలో క్లోరిన్ ఘాటు పెరిగింది. డ్రమ్ములో రెండు హైపో స్ఫటికాలు వేసి కలుపుతున్నాను. పాత ఫొటో స్టూడియోల వాళ్లు వాడిన సోడియం థయోసల్ఫేటే ఇది.

ముందు గాజుకీ ఇసుకకీ మధ్య నీలిపచ్చ పొర ఒకటి వచ్చింది. చేత్తో లాగితే చాపలా లేచింది, మురుగు వాసన. ఇది నాచు కాదు, సయానోబాక్టీరియా. నైట్రేట్ పరీక్ష చేస్తే దాదాపు సున్నా. హైగ్రోఫిలా ఎదిగి మొత్తం తినేస్తోంది. నైట్రేట్ కరువైన చోట ఈ పొర తేలిగ్గా పైచేయి సాధిస్తుంది, వీటిలో కొన్ని రకాలు నత్రజనిని గాలి నుంచే తీసుకోగలవు కూడా. మావయ్య దీన్ని వినగానే గుర్తుపట్టాడు. చెరువులో పచ్చరంగు సంతోషమేగానీ ఈ నీలిపొర ఎవరికీ గిట్టదట. చేప కూర వండితే మట్టి వాసన వచ్చేది ఇలాంటి వాటివల్లే.

ఎరిత్రోమైసిన్ మాత్ర పొడి చేసి వేస్తే పోతుందని తెలుసు. పని చేస్తుంది కూడా. అయితే ఆ నీళ్లు తరువాత పోయేది మురుగు కాలవలోకే. రొయ్యల్లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికి విదేశాల నుంచి సరుకు వెనక్కి వచ్చిన కథలు మావయ్య నోట చాలా విన్నాను. చిన్న పొర కోసం ఆ మాత్ర అక్కర్లేదు. సైఫన్ గొట్టంతో పొరని పీల్చేశాను, గాజు అంచున ఇసుకలో వెలుగు పడకుండా బయట నల్ల టేపు అంటించాను, 13-0-45 సీసా మోతాదుని అయిదు నుంచి పది మిల్లీలీటర్లకి పెంచాను. ఒకసారి మళ్లీ వచ్చింది, మళ్లీ పీల్చాను. తరువాత రాలేదు.

ఆగస్టు, శ్రావణం

వాతావరణం చల్లబడింది, నీళ్లు 27 డిగ్రీలు. ఎండాకాలమంతా వాయిదా వేసిన చెర్రీ రొయ్యలు ఇప్పుడు వచ్చాయి. పెరాక్సైడ్ సిరంజి ఇక అటక మీదే.

వారం వారం చేస్తున్న పని ఇంతే: మూడో వంతు నీళ్లు మార్చడం, పాత ఆకులు తీయడం, పాత కార్డు ముక్కతో ముందు గాజు గీకడం, ఎరువులు పోయడం. పక్క గాజులూ వెనక గాజూ గీకడం మానేశాను. అక్కడి పచ్చటి పలుచని పొర మీద రొయ్యలు రోజంతా మేస్తున్నాయి. అనుబియాస్ పాత ఆకుల మీద గట్టి చుక్కలు అలాగే ఉన్నాయి. కొత్త ఆకులు మాత్రం శుభ్రంగా వస్తున్నాయి. నేను చూసుకునేది కొత్త ఆకులనే. పాత ఆకు మీది నాచు రెండు నెలల కిందటి పొరపాట్ల లెక్క, కొత్త ఆకు ఈ వారం లెక్క.

హైగ్రోఫిలా పైభాగం కోసి అదే ఇసుకలో నాటాను, మొదళ్లు తీసేశాను. కోత రోజు మొక్కల బరువు ఒక్కసారిగా తగ్గుతుంది కాబట్టి ఆ వారం లైటు గంట తక్కువ. దసరా నాటికి లైటుని ఆరున్నర గంటలు చేసి చూడాలని ఉంది, రోటాలా కొంచెం ఎర్రబడుతుందేమోనని. అరగంట పెంచి రెండు వారాలు ఇంకేదీ ముట్టుకోను. కొత్త ఆకుల అంచున పాచి కనిపిస్తే మళ్లీ ఆరే.